గెంటివేత యెవరికి నవ్వులాట? – కాలేజీ హాస్యచిత్రాల మీద కొన్ని ఆలోచనలు

కాలేజీ నుంచి గెంటేయటం సినిమాలో జరిగితే హాలంతా యీలలు వేస్తుంది. అదే గెంటివేత యూనివర్సిటీలో మనవాళ్ళ మీద పడితే శవం లేస్తుంది. ఈ రెంటికీ మధ్య తేడా యెక్కడుంది అన్నదే ఈ వ్యాసంలో మేము పట్టుకున్న విషయం. సినిమా గురించే కదా అని తేలిగ్గా తీసుకోవద్దని చదువరుల్ని కోరుతున్నాం. మన పిల్లలు కాలేజీ గేటు దాటకముందే కాలేజీ అంటే యేమిటో సినిమాహాల్లో నేర్చుకుంటున్నారు. ఆ పాఠం యెవరు రాశారు, యెవరి పిల్లల కోసం రాశారు అన్నది తెలియకపోతే, గేటు దాటాక తగిలే దెబ్బ యెటునుంచి వచ్చిందో కూడా తెలియదు.

ఈ రకం సినిమాలన్నిటికీ పెద్దన్నలాంటిది వొకటుంది. 1978లో అమెరికాలో వచ్చిన 'ఆనిమల్ హౌస్'. దర్శకుడు జాన్ లాండిస్. 'నేషనల్ లాంపూన్' అనే హాస్యపత్రిక వాళ్ళ సరుకు అది. కథ రాసిన ముగ్గురిలో క్రిస్ మిల్లర్ డార్ట్‌మత్ కాలేజీలో తాను వెలగబెట్టిన రోజుల్ని అంతకుముందే ఆ పత్రికలో కథలుగా రాశాడు. మిగతా ఇద్దరు హెరాల్డ్ రామిస్, డగ్లస్ కెన్నీ. దాదాపు 30 లక్షల డాలర్ల ఖర్చుతో తీస్తే 14 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది. 2001లో అమెరికా జాతీయ గ్రంథాలయం, భద్రపరచాల్సిన సినిమాల జాబితాలో దీన్ని కూడా చేర్చింది. మన తెలుగువాళ్ళు దీన్ని చూసి తీశారా, చూడకుండా తీశారా అనేది మాకు అనవసరం. అచ్చు వొకటే.

కథ 1962లో ఫేబర్ అనే కల్పిత కాలేజీలో నడుస్తుంది. అక్కడ ఫ్రెటర్నిటీలు వుంటాయి. మాటకి అర్థం సోదర సంఘం అనే. గ్రీకు అక్షరాల పేర్లు, సొంత ఇల్లు, సొంత తంతులు, యెవర్ని చేర్చుకోవాలో తామే తేల్చుకునే హక్కు. వొమేగా ఇంటివాళ్ళు డబ్బున్న, ఇస్త్రీ నలగని కుర్రాళ్ళు. డెల్టా ఇంటివాళ్ళు తాగుబోతు అల్లరిమూక. వీళ్ళని యెలాగైనా వెళ్ళగొట్టాలని డీన్ వోర్మర్ కంకణం కట్టుకుంటాడు. డెల్టావాళ్ళు డీన్ ఆఫీసులోకి గుర్రాన్ని తోలతారు, భోజనశాలలో అన్నం విసురుకుంటారు, దుప్పట్లు చుట్టుకుని రోమన్ల వేషంలో తాగి తందనాలాడతారు, పరీక్ష జవాబులు దొంగిలించబోయి తప్పుడు కాగితం దొంగిలిస్తారు. జాన్ బెలూషి వేసిన బ్లూటో అనేవాడి మార్కుల సగటు అక్షరాలా సున్నా. యేడేళ్ళుగా అదే కాలేజీలో వున్నాడు! ఆఖరికి డీన్ అందర్నీ గెంటేస్తాడు. వాళ్ళు వెళ్ళి వూరేగింపుని ధ్వంసం చేస్తారు. ఆ తర్వాత తెరమీద వొక్కొక్కడి భవిష్యత్తూ రాసి చూపిస్తారు. వొకడు డాక్టరు, వొకడు వకీలు, వొకడు పత్రికా సంపాదకుడు. సున్నా సగటు బ్లూటో అయితే సెనేటర్.

ఈ చివరి అక్షరాలే మాకు ముఖ్యం. గెంటేసినా వాళ్ళకి పోయిందేమీ లేదు. డీన్ వాళ్ళ పేర్లు సైన్యంలో భర్తీ చేసుకునే బోర్డులకి పంపించానని బెదిరిస్తాడు కూడా. కాలేజీలో వుంటే సైన్యానికి పోకుండా మినహాయింపు దొరికే రోజులవి. అయినా వియత్నాంలో చచ్చినట్టు సినిమా చూపించేది డెల్టావాణ్ణి కాదు, వొమేగావాణ్ణి. కాలేజీకి ముందే వాళ్ళ కింద నేల వుంది. గెంటితే పడేది ఆ నేలమీదే.

సినిమా మొదట్లో వొక దృశ్యం వుంది. అందరూ నవ్వుకుంటూ దాటేస్తారు గానీ, మా లెక్కన గుట్టంతా అక్కడే వుంది. కొత్తగా చేరిన లారీ, కెంట్ అనే ఇద్దరు కుర్రాళ్ళు వొమేగా ఇంటికి విందుకి వెళ్తారు. తమకి పనికిరారనుకున్న వాళ్ళని వొమేగావాళ్ళు యెంతో మర్యాదగా నడిపించుకెళ్ళి వో మూల సోఫాలో కూర్చోబెడతారు. అప్పటికే అక్కడ కూర్చునివున్నది యెవరయ్యా అంటే మహమ్మద్, జగదీష్, సిడ్నీ, క్లేటన్. పేర్లు చూడండి. ముస్లిం పేరొకటి, మన దేశపు పేరొకటి. ఆ నలుగురిలో వికలాంగుడూ వున్నాడు. వొక్క మాట తిట్టరు, వొక్క దెబ్బ కొట్టరు. సోఫా చూపిస్తారు, అంతే.

జగదీష్‌ది యే కులమో సినిమా చెప్పదు. ఆ రోజుల్లో అమెరికా వెళ్ళి చదువుకునేవాడంటే మన అగ్రకులాల బిడ్డే అయివుంటాడని అనుకోటానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. ఇక్కడ పంక్తిలో మొదటి విస్తరి అతనిది. అక్కడ మూల సోఫా. ఆ సోఫా అనుభవంతో ఇంటికొచ్చి తన పెరటిగుమ్మం దగ్గర నిలబడేవాళ్ళ గురించి ఆలోచించిన జగదీష్‌లు యెందరున్నారో మాకు తారసపడలేదు.

1962 అన్న సంవత్సరాన్ని గుర్తుంచుకోండి. ఆ యేడాది అక్టోబర్ 1న జేమ్స్ మెరిడిత్ అనే నల్ల విద్యార్థి మిసిసిపి విశ్వవిద్యాలయంలో పేరు రాయించుకున్నాడు. వొక్క విద్యార్థిని తరగతిలో కూర్చోబెట్టటానికి కెన్నెడీ ప్రభుత్వం సైన్యాన్ని దించాల్సివచ్చింది. ముందురాత్రి క్యాంపస్‌లో జరిగిన దొమ్మీలో ఇద్దరు చచ్చిపోయారు. అంటే ఫేబర్ కుర్రాళ్ళు అన్నం ముద్దలు విసురుకుని మనల్ని నవ్విస్తున్న అదే శరదృతువులో, నిజం క్యాంపస్‌లో తెల్లవాళ్ళు రాళ్ళు విసురుతున్నారు. మొదటిది అల్లరి అనిపించుకుంది. రెండోదాన్ని కూడా చాలాకాలం అల్లరనే సరిపెట్టుకోచూసినవాళ్ళున్నారు.

నిజం ఫ్రెటర్నిటీల చరిత్ర సినిమాకంటే బాగా చదువుకోదగ్గది. చాలా సంఘాల నిబంధనల్లో తెల్లవాళ్ళకి మాత్రమే, క్రైస్తవులకి మాత్రమే అని సిగ్గులేకుండా రాసే వుండేది. 1948లో ఆమ్హర్స్ట్ కాలేజీలోని ఫై కప్పా సై శాఖ వొక నల్ల విద్యార్థిని చేర్చుకుంటే, జాతీయ సంఘం ఆ శాఖనే వెలివేసింది. మనూళ్ళలో మాలమాదిగలతో పొత్తు కలిపినవాణ్ణి కులంనుంచి వెలివేసినట్టే. డార్ట్‌మత్‌లో 1954లో విద్యార్థులు వోటు వేసి, 1960 నాటికి అటువంటి నిబంధనలు తీసెయ్యాలని తీర్మానించారు. నల్లవాళ్ళు ఆ తలుపుల దగ్గర కాచుక్కూర్చోలేదు. 1906లోనే కార్నెల్‌లో ఆల్ఫా ఫై ఆల్ఫా అని తమ సంఘం తాము పెట్టుకున్నారు. ఇంకొక సంగతి. సినిమాలో కెంట్‌ని డెల్టావాళ్ళకి చేర్చుకోవాలని వుండదు. కానీ వాడి అన్న పూర్వం డెల్టా సభ్యుడు, కాబట్టి చేర్చుకోక తప్పదు. తిరుగుబాటు ఇల్లు కూడా నడిచేది వారసత్వం మీదే!

మరి మనకి ఫ్రెటర్నిటీలు లేవా? వున్నాయి. గ్రీకు అక్షరాలు లేవు, కులం పేరే పెట్టారు. హైదరాబాదులో రెడ్డి హాస్టల్ 1918లో మొదలైంది. కోస్తాలో కమ్మ హాస్టళ్ళు, వైశ్య హాస్టళ్ళు వచ్చాయి. పల్లెనుంచి పట్నానికొచ్చిన కులబిడ్డకి కూడు, గూడు, పరిచయాలు, రేపటి వుద్యోగానికి సిఫారసు అన్నీ అక్కడే. వాటిలో చదివినవాళ్ళు మంచి పనులు చేశారా అంటే చేశారు, కాదనం. కాకపోతే వాటిని కులతత్వం అని యెవరూ అనలేదు, సేవాభావం అన్నారు. అదే 1993లో హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ పెట్టుకుంటే, క్యాంపస్‌లోకి కులం తెచ్చారన్నారు. 1918లో లేని కులం 1993లో యెక్కడినుంచి వూడిపడిందో!

ఇక్కడ అంబేద్కర్‌ని తలుచుకోవాలి. 1913లో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. లివింగ్‌స్టన్ హాల్ అనే వసతిగృహంలో నవల్ భతేనా అనే పార్శీ మిత్రుడితో కలిసి గది పంచుకున్నారు. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. పాతికేళ్ళు నిండని యువకుడు, న్యూయార్కు నగరం, పక్కన సరదా స్నేహితులు. హాస్యచిత్రానికి కావలసినవన్నీ వున్నాయి. ఆయన మాత్రం పుస్తకాల మీద కూర్చున్నారు. ఆయనకి సరదా తెలియక కాదు. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌కి గడువుంది. గడువున్నవాడికి యేడేళ్ళు సున్నా సగటుతో గడిపే వీలు లేదు. తిరిగొచ్చాక బరోడాలో వుద్యోగస్తుడికి వుండటానికి ఇల్లు దొరకలేదు, పార్శీల సత్రంనుంచి కర్రలు పట్టుకుని వెళ్ళగొట్టారు. అమెరికా హాస్టల్లో దొరికిన మంచం స్వదేశంలో దొరకలేదు. 1924లో ఆయన స్థాపించిన బహిష్కృత హితకారిణి సభ షోలాపూర్‌లో హాస్టల్ తెరవటం వెనక ఇదంతా వుంది. కాబట్టి హాస్టల్ అన్నమాటకి మన చరిత్రలో అల్లరికంటే ముందు ఆకలితో సంబంధం వుంది.

ఇప్పుడు మన సినిమాల దగ్గరికొద్దాం. 1989లో 'శివ' వచ్చి కాలేజీని సైకిల్ చైన్‌తో పరిచయం చేసింది. అది హాస్యం కాదు. 2000 తర్వాత 'చిత్రం', 'నువ్వే కావాలి', 'నువ్వు నేను' వరసగా వచ్చి కాలేజీ అంటే ప్రేమ, పాటలు, లెక్చరర్‌ని వెక్కిరించటం అని స్థిరపరిచాయి. ధర్మవరపు సుబ్రహ్మణ్యం చేసిన లెక్చరర్ వేషాలు నవ్వించాయి, మేమూ నవ్వాం. అయితే మన వాడల్లో లెక్చరరైన మొదటి మనిషిని చూసినవాళ్ళకి, లెక్చరరంటే వెక్కిరించదగ్గ బొమ్మ అనే పాఠం వూరికే మింగుడుపడదు.

ఆనిమల్ హౌస్‌కి మనదగ్గర అసలైన తమ్ముడు 2007 అక్టోబర్‌లో వచ్చిన 'హ్యాపీ డేస్'. శేఖర్ కమ్ముల తాను చదివిన చైతన్య భారతి ఇంజనీరింగ్ కాలేజీలోనే చాలాభాగం తీశారు. ర్యాగింగ్, క్యాంటీన్, ప్రేమలు, అలకలు, క్యాంపస్ వుద్యోగాలు, వీడ్కోలు. కన్నడంలో, తమిళంలో మళ్ళీ తీశారు. అమెరికా సినిమాలో వున్న మోటుతనం ఇందులో లేదు, చాలా శుభ్రమైన సినిమా. మా అభ్యంతరం కూడా ఆ శుభ్రంతోనే. నాలుగేళ్ళ ఇంజనీరింగ్ చదువు చూపించి, అందులో ఫీజు గానీ స్కాలర్‌షిప్ గానీ రిజర్వేషన్ గానీ కథని నడిపే సమస్యగా యెక్కడా రాకుండా చెయ్యటానికి చాలా వూడ్చాలి.

మాది దేవరాపల్లి. ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో వుంది, అప్పుడు విశాఖ జిల్లా. శారదా నది, రైవాడ జలాశయం, చెరుకు తోటలు. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కింది మేమే మొదలు. ఆ సినిమాకి చోడవరం బస్సెక్కి వెళ్ళాం, ఇంటర్ చదువుతున్న కుర్రకారు అంతా. వొకసారి కాదు, మూడుసార్లు. అబద్ధమెందుకు, మా తరంలో ఇంజనీరింగ్‌లో చేరాలని పట్టుబట్టినవాళ్ళలో సగంమందికి ఆ కోరిక పుట్టింది యెంసెట్ పుస్తకంలోంచి కాదు, ఆ హాల్లోంచే. మా అయ్య వూరి రైతుల చెరుకు కొట్టేవాడు. ‘ఆ కాలేజీలో అంతమంది ఆడపిల్లలూ మగపిల్లలూ నవ్వతానే వుంటారేట్రా, సదువెప్పుడు సదూతారు?’ అని అడిగాడు. సినీ విమర్శకులెవరూ ఆ ప్రశ్న వెయ్యలేదు.

చేరాక అర్థమైంది. వొక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో మొదటి రాత్రి సీనియర్లు అడిగింది పేరు, వూరు, ఆ తర్వాత ర్యాంకు. డాన్సు చెయ్యమంటారనుకుని సిద్ధపడి వెళ్ళాం. అందరి ర్యాంకుకీ ఈలలు వేసినవాళ్ళు మా ర్యాంకు వినగానే వొకళ్ళ మొహాలు వొకళ్ళు చూసుకుని, సరే వెళ్ళిపొమ్మన్నారు. మాకు ర్యాగింగే జరగలేదు! తోటివాళ్ళు అదృష్టవంతులన్నారు. ర్యాగింగ్ చెయ్యటమంటే తమలో కలుపుకోవటం అని, కలుపుకోదలచనివాణ్ణి ర్యాగింగ్ కూడా చెయ్యరని తెలియటానికి మాకు వొక సెమిస్టర్ పట్టింది. అదీ సోఫా. ర్యాంకు అడిగితే కులం అడిగినట్టే, కులం అడిగినట్టు కనపడదు. ఇలా అడగటం మా హాస్టల్‌తో పోయేది కాదు. హ్యాపీ డేస్ వచ్చిన 2007లోనే ఢిల్లీ ఎయిమ్స్ మీద థోరాట్ కమిటీ నివేదిక వచ్చింది. సీనియర్లు ర్యాంకులు ఆరా తీయటం, వేధింపులు తట్టుకోలేక ఎస్సీ ఎస్టీ విద్యార్థులు గదులు మారి కొన్ని హాస్టళ్ళ పై అంతస్తుల్లో వొకచోట చేరటం అన్నీ అందులో వున్నాయి. దేశంలోకల్లా తెలివైన పిల్లలు చదివే చోట కూడా అంతస్తు అంతస్తే పేట అయింది.

ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. కానీ సినిమాల్లో ర్యాగింగ్ స్నేహానికి తొలిమెట్టుగానే వుండిపోయింది. పాడమంటారు, ఆడమంటారు, చివరికి భుజం మీద చెయ్యి వేస్తారు. ఆ చెయ్యి యెవరి భుజం మీద పడుతుందనేదే ప్రశ్న.

మళ్ళీ ఆనిమల్ హౌస్‌కి వెళ్తే, అందులో ఇంకొక దృశ్యం. డెల్టావాళ్ళ విందులో వోటిస్ డే అనే నల్ల గాయకుడి బృందం పాడుతుంది. కుర్రాళ్ళు వూగిపోతారు. తర్వాత వొక రాత్రి అమ్మాయిల్ని వెంటేసుకుని, వోటిస్ పాడుతున్న నల్లవాళ్ళ క్లబ్బుకి పోతారు. తమవాడే కదా అని కేక వేస్తే ఆయన పట్టించుకోడు. చుట్టూ చూసేసరికి అందరూ నల్లవాళ్ళే. గుండె జారి, వెంటవచ్చిన అమ్మాయిల్ని అక్కడే వదిలేసి పారిపోతారు. దీన్ని జాత్యహంకార దృశ్యమన్నవాళ్ళున్నారు, తెల్లకుర్రాళ్ళ బోలుతనం మీద వేళాకోళమన్నవాళ్ళున్నారు. మాకు రెండూ నిజమే అనిపిస్తుంది. పాట కావాలి, పాడేవాడి వాడ వద్దు. పెళ్ళికి డప్పు కావాలి, డప్పు కొట్టేవాడు వాకిలి దాటకూడదు. ఇది మనకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంకోటి కూడా గమనించాలి. తిరుగుబాటు ఖర్చంతా ఆడపిల్లల ఖాతాలో రాసేస్తారు. కిటికీలోంచి తొంగిచూడబడేదీ వాళ్ళే, చీకట్లో వదిలేయబడేదీ వాళ్ళే. మన తెలుగు కాలేజీ సినిమాల్లో దళిత విద్యార్థిని అనే మనిషి వదిలేయబడటానికి కూడా కనపడదు.

సినిమాహాలు కూడా మనకి తటస్థ స్థలం కాదు. 1991 ఆగస్టు 6న చుండూరులో యెనిమిదిమంది దళితుల్ని చంపారు. ఆ గొడవ రాజుకున్నది అంతకు నెలరోజుల ముందు సినిమాహాల్లో, చదువుకున్న దళిత యువకుడి కాలు ముందు కుర్చీలో వున్న అగ్రకుల యువకుడికి తగలటంతో. కాళ్ళు చాపుకుని సినిమా చూడటం డెల్టావాళ్ళకి అల్లరి కిందికి కూడా రాదు.

గెంటివేత సంగతికొస్తే, 2002లో హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ పదిమంది దళిత విద్యార్థుల్ని రస్టికేట్ చేసింది. హాస్టల్ వ్యవహారాల మీద వార్డెన్‌తో వచ్చిన గొడవ అది. తిండి గురించి, మెస్ గురించి. సినిమాలో అయితే మంచి రసవత్తరమైన భాగం. 2015లో అదే యూనివర్సిటీ అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌కి చెందిన ఐదుగురు పరిశోధకుల్ని సస్పెండ్ చేసి, డిసెంబర్‌లో హాస్టళ్ళనుంచి, క్యాంపస్‌లోని వుమ్మడి స్థలాలనుంచి నిషేధించింది. చదువు చదువుకోవచ్చు, పదిమందిలో తిరగకూడదు. వాళ్ళు పరుపులు, అంబేద్కర్ పటం తెచ్చి ఆరుబయట గుడారం వేసి దానికి వెలివాడ అని పేరు పెట్టారు. రోహిత్ వేములకి అప్పటికి యేడు నెలల ఫెలోషిప్ రావాలి, లక్షా డెబ్భై ఐదువేల రూపాయలు. 2016 జనవరి 17న ఆయన చనిపోయారు. డెల్టావాళ్ళ ఇంటికి తాళం వేసి సామాను బయటపడేసే దృశ్యం సినిమాలోనూ వుంది. సామాను వొకలాంటిదే. పరుపులు, పుస్తకాలు, గోడమీది పటాలు. వాళ్ళ వెనక తండ్రులున్నారు. వీళ్ళ వెనక, వీళ్ళు పంపే ఫెలోషిప్ డబ్బుకోసం చూసే తల్లులున్నారు.

మనవాడు కథానాయకుడుగా కాలేజీలో అడుగుపెట్టగానే సినిమా హాస్యంనుంచి విషాదంలోకి మారిపోవటం కూడా గమనించదగ్గదే. తమిళంలో మారి సెల్వరాజ్ 2018లో తీసిన 'పరియేరుం పెరుమాళ్'లో దళిత కుర్రాడు లా కాలేజీలో చేరతాడు. ఇంగ్లీషు పాఠం అర్థంకాక అతను పడే పాట్లు మొదట నవ్విస్తాయి, తర్వాత ఆ నవ్వు మన గొంతులోనే ఆగిపోతుంది. 2020లో వచ్చిన తెలుగు 'కలర్ ఫొటో'లో బందరు ఇంజనీరింగ్ కాలేజీలో పాలమ్ముకుని చదివే నల్లటి కుర్రాడి ప్రేమకథ చెప్పారు. మంచి ప్రయత్నమే. కానీ కులం అనాల్సినచోట రంగు అని సరిపెట్టారు. నలుపు అంటే బాధగా నవ్వుకోవచ్చు. మాల అంటే, మాదిగ అంటే సెన్సారు సంగతి అటుంచి హాల్లో సగంమంది సీట్లలో కదులుతారు. ఇక 2023లో వచ్చిన 'మ్యాడ్' మళ్ళీ ఆ పాత డెల్టా ఇంటికే తీసుకుపోయింది. జనం విరగబడి నవ్వారు, మేమూ కొంత నవ్వాం, దాచటమెందుకు.

అంటే మనకి కాలేజీ హాస్యం లేదా? దుఃఖమే మన సొత్తు అని యెవరైనా అంటే మేము వొప్పుకోం. హాస్టల్లో చదివిన యే దళితుణ్ణి కదిపినా గంటసేపు నవ్విస్తాడు. మేము చదివిన వొక సంక్షేమ హాస్టల్లో సాంబారుకి శారదా నది అని పేరు, అందులో ముక్క దొరికినవాడికి ఆ రోజు ముఖ్యమంత్రి పదవి. గుడ్డు ఇచ్చే రోజు జ్వరమొచ్చి పడుకున్నవాడి తరఫున ముగ్గురు సంతకాలు పెట్టేవాళ్ళు. వార్డెన్ తనిఖీకొస్తున్నాడంటే వంటమనిషి కంటే ముందు మాకు తెలిసేది, ఆయన మోటారుసైకిల్ సైలెన్సర్ చప్పుడు వూరి చివరి మలుపులోనే వినపడేది. చలికాలం బెల్లం వంట మొదలైతే రాత్రి పదిగంటలకి గోడ దూకేవాళ్ళం. గానుగ దగ్గర పెద్ద పెనంలో పానకం వుడుకుతుండేది. బెల్లం వండే ముసలాయన మా వాడవాడే, రైతు నిద్రపోయాడో లేదో చూసి, తలొక ముద్ద వేడిబెల్లం చెరుకుపిప్పిలో చుట్టి చేతిలో పెట్టేవాడు. ‘యెల్లిపోండ్రా, పరీచ్చలు కదా’ అనేవాడు. చేతులు కాలేవి, వూదుకుంటూ పరుగెత్తేవాళ్ళం. వొకసారి మాలో వొకడు గోడమీదే దొరికిపోయాడు. వార్డెన్ జేబులు వెతికించాడు. బెల్లం అప్పటికే నోట్లో వుంది, ఆయన యేం అడిగినా వాడు నోరు తెరవడు. పావుగంట నిలబెట్టాడు. వాడు మింగేదాకా ఆయనా వూరుకోలేదు, ఆయన వెళ్ళేదాకా వాడూ మింగలేదు.